పెద్దబాపు ఆపించిన గోలీ

కోపం గుండెకు మంచిది కాదని నాకు హితవు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ సంగతి వాళ్లకన్నా నాకే బాగా తెలుసు. ఆదిలాబాద్‌లో పాతికేళ్లకు పైగా జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. కోపం వచ్చినప్పుడు మూత్రపిండాల మీద కూర్చున్న చిన్న గ్రంథుల నుంచి అడ్రినలిన్ ఎలా ఊరుతుందో, అది నెత్తుటిలో కలిసి గుండెను ఎలా తరుముతుందో, వెనక బెంచీల్లో మరాఠీలో ముచ్చట్లు పెట్టుకునే పిల్లల మీద అరుస్తూ, బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పాను. చెప్పానే గాని కోపాన్ని మాత్రం మానలేదు. అన్నిటిలోకీ పాతది, నేను నీళ్లు పోసి పెంచుకున్నది ఒక కోపం ఉంది. అది మా పెద్దబాపు మీద. అంటే మా బాపుకు, నాన్నకు అన్న. నలభై ఏళ్లకు పైగా ఆయనతో నేను మాట్లాడలేదు. పెళ్లిళ్లలో ఎదురుపడితే ముఖం తిప్పుకున్నాను. ఎవరైనా మధ్యలోకి వచ్చి సర్దిచెప్పబోతే వాళ్లతో కూడా మాటలు మానేశాను. అందువల్ల మనశ్శాంతి పోయిందా అంటే లేదు. హాయిగానే ఉన్నాను.

మొన్న ఆయన చిన్న బిడ్డ లలిత కరీంనగర్‌లో మా ఇంటికి వచ్చింది. లలిత మీద నాకు పగ ఏమీ లేదు. అయినా ఆయన ముక్కు, ఆయన నుదురు దానికి వచ్చాయి, అందుకని దాని ముఖంలోకి సూటిగా చూడను. చాయ్ ఇచ్చాను. అది చాయ్ తాగకుండా సంచిలోంచి ఆస్పత్రి కాగితాల కట్ట తీసి నా ముందు పెట్టింది.

"అక్కా, నువ్వు ఒక్కసారి సిరిసిల్లకు రావాలె. బాపు గోలీ ఏసుకుంటలేడు."

"ఏసుకోకపోతె డాక్టరుకు చెప్పు. నాకు చెప్పుడెందుకు?"

"తక్కినయన్ని మింగుతడు. గీ ఒక్కటే పక్కకు పెడుతడు. ఇది లేకుంటె దడ తగ్గదు, ఆయాసం తగ్గదు అంటుండు డాక్టరు. కాళ్లకు నీరు దిగింది అక్కా. పది అడుగులు ఏస్తె కూలవడుతుండు."

కాగితం చేతిలోకి తీసుకున్నాను. గుండె బలహీనపడింది, చాలీచాలని రక్తం తోస్తూ ఉరుకులు పెడుతోంది. దాన్ని నెమ్మదింపజేయడానికి ఒక చిన్న గోలీ, బీటా బ్లాకర్, అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టమని రాసి ఉంది. ఆ పేరు చూడగానే నాకు విషయం అర్థమైపోయింది. అయినా లలిత నోటితోనే విందామని అడిగాను, ఎందుకు ఏసుకోడట అని.

"'గిది దడకు ఇచ్చే గోలీ, మొదలువెడితె ఆపరాదు, ఆపితె మనిషి పోతడు. ఆ ముచ్చట నాకు విమల చెప్పింది' అంటుండు. నువ్వు చెప్పినవట గద అక్కా, పెత్రమాస నాడు. అప్పుడు నేను చిన్నదాన్ని, నాకు సరిగ యాదికి లేదు."

దాని మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. ఆలోచిస్తానని చెప్పి పంపేశాను. అది వెళ్లాక చాలాసేపు ఆ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. కదలకుండా కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే సిరిసిల్లలోని ఆ ఇంటికి వెళ్లిపోయాను.

రెండు కుటుంబాలు ఒక్క ఇంట్లో ఉండేవాళ్లం. ముందు పొడుగాటి గదిలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు. వెనక వంటిల్లు, మధ్యలో మేము. ఇంటి నిండా గంజి వాసన, యంత్రానికి పోసే నూనె వాసన. అన్నంలో కూడా దూది పోగులు కనిపించేవి, వాటిని తీసి పక్కన పెట్టి తినడం మాకు బియ్యంలో రాళ్లు ఏరినంత మామూలు. అవ్వ, అంటే మా అమ్మ, పెద్దవ్వ పొద్దంతా నూలును కండెలకు చుట్టేవాళ్లు. బాపు, పెద్దబాపు సాంచాల మధ్య తిరిగేవాళ్లు. ఆ చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినిపించదు. అందుకని బాపు అసలు మాట్లాడేవాడే కాదు. కనుబొమ్మ ఎగరేస్తే నీళ్లు తెమ్మని, చూపుడువేలు తిప్పితే కండె అయిపోయిందని, అరచేయి చూపిస్తే ఆగమని. నేను నడక నేర్చినప్పుడే ఆ సైగలు నేర్చాను. పెద్దబాపుది దీనికి పూర్తిగా ఎదురు. ఆయన మాట్లాడడు, అరుస్తాడు. సాంచాల పక్కన అరవక తప్పదు, నిజమే. కాని ఆయన కరెంటు పోయినప్పుడు కూడా అదే గొంతుతో అరిచేవాడు. వీధి చివరి ఇంటివాళ్లు మా ఇంట్లో ఏ కూర వండారో ఆయన గొంతు విని చెప్పేవాళ్లు.

పొద్దున లేవగానే అరచేతిలో తంబాకు, సున్నం వేసి నలిపి, రెండో చేత్తో ఫట్‌మని కొట్టేవాడు. ఆ చప్పుడుకు ఇంట్లో అందరి నడక మారేది. మొదటి చాయ్ ఆయనకు. మొదటి ముద్ద ఆయనకు. ఏ పిల్లకు ఏ రంగు లంగా కొనాలో, ఎవరిని బడికి పంపాలో, ఎవరికి జ్వరం వస్తే ఎవరి దగ్గరికి పోవాలో అన్నీ ఆయనే. నన్ను పై చదువులు చదివించింది కూడా ఆయన మాటే. దాన్ని నేను ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు ఇష్టంగా లేదు.

బాపుకు నడుస్తుంటే రొమ్ము పట్టేసేది, దడ వచ్చేది. భీము ఎత్తిన నాడు మరీ ఎక్కువ. భీము అంటే సాంచకు ఎక్కించే పడుగు నూలు చుట్టిన పెద్ద దూలం, ఇద్దరు మోయాల్సిన బరువు. పెద్దబాపే ఆయన్ను ఊళ్లో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టరు చిన్న గులాబీ రంగు గోలీలు ఇచ్చాడు, కంపౌండరు వాటిని కాగితంలో పొట్లం కట్టాడు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. అంతే, అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. అది ఏం చేస్తుందో చెప్పలేదు, ఎన్నాళ్లు వాడాలో చెప్పలేదు, మానితే ఏమవుతుందో చెప్పలేదు. లుంగీ కట్టుకుని వచ్చినవాడికి చెప్పినా అర్థం కాదనుకున్నాడేమో. నా జీవితంలో ఎందరో డాక్టర్లను చూశాను. రోగి కుర్చీలో కూర్చోకముందే చీటీ రాసేసే ఆ జబ్బు వాళ్లకు ఇప్పటికీ నయం కాలేదు. గోలీలను బాపు అగ్గిపెట్టెలో పోసి గూట్లో పెట్టుకున్నాడు. నీళ్ల చెంబు, గోలీ అందించే పని నాది, చీటీ మీది ఇంగ్లీషు పేరును కూడబలుక్కుని కంఠతా పట్టాను కూడా. వేసుకుంటుండగా రెండేళ్లు సుఖంగా ఉన్నాడు. దడ లేదు, రొమ్ము పట్టడం లేదు. ఎప్పుడూ లేనిది ఒకసారి పాట కూడా పాడాడు, ఘోరంగా పాడాడు.

అప్పుడు కామెర్లు వచ్చాయి. కళ్లు పసుపు పూసినట్టయ్యాయి, అన్నం చూస్తే వాంతి. కామెర్లకు మా వైపు డాక్టరు దగ్గరికి ఎవరు పోతారు? పసరు మందుకే పోతారు. పెద్దబాపు బాపును బస్సెక్కించి మంచిర్యాలకు, అక్కడి నుంచి చెన్నూరు దారిలో ఒక పల్లెకు తీసుకుపోయాడు. పసరాయన నేల ఉసిరి నూరి మేకపాలలో కలిపి తాగించి, ఎండిన ఆకు పొట్లాలు కట్టి, తొమ్మిది రోజుల పథ్యం చెప్పాడు. ఉప్పు లేదు, కారం లేదు, నూనె లేదు, చింతపండు లేదు. ఇంగ్లీషు మందు గడప తొక్కకూడదు. ఇంకొకటి, రోగి ఒక్కడే పథ్యం ఉంటే మందు పట్టదట, నెత్తుటి సంబంధం ఉన్నవాళ్లు ఒకరు తోడు పథ్యం ఉండాలి. తోడు పథ్యం పెద్దబాపు ఉన్నాడు. ముద్ద ముద్దకూ కూరకు వంక పెట్టే మనిషి ఉప్పు లేని సొరకాయ ఉడుకు, చప్పటి మజ్జిగన్నం బాపు పక్కన కూర్చుని తిన్నాడు. వంటిల్లంతా ఉడికిన సొరకాయ వాసన. ఇంటికి వచ్చిన మరునాడు పొద్దున నేను అలవాటుగా అగ్గిపెట్టె తీస్తే ఆయన నా చేతిలోంచి లాక్కున్నాడు.

"బంద్. తొమ్మిది దినాలు బంద్. మళ్లొక్కసారి దీన్ని ముట్టుకున్నవంటె చెయ్యి ఇరుగుతది."

నాకప్పుడు పదమూడేళ్లు. అగ్గిపెట్టె ఆయన పెట్టెలోకి పోయింది, పెట్టెకు తాళం పడింది. బాపు నా వైపు చూసి అరచేయి చూపించాడు, ఆగమని. నేను ఆగాను.

ఏడో రోజుకు కళ్లు తేటపడ్డాయి. పసరు పనిచేసిందని ఇంట్లో అందరికీ సంబరం. పొద్దున కొత్త భీము వచ్చింది. ఎప్పుడూ ఒక కొన అన్న, ఒక కొన తమ్ముడు ఎత్తేవాళ్లు. ఆ రోజు బాపుకు ఒంట్లో తేలిగ్గా ఉందేమో, పెద్దబాపు వాకిట్లో ఉండగానే వచ్చినవాళ్లతో కలిసి ఒక కొన తానే పట్టాడు. పెద్దబాపు చూశాడు. ఎప్పటి గొంతే, ఎప్పటి అరుపే.

"ఎత్తకుమంటి గదరా! పత్తెంల ఉన్నవు, పాణం మీదికి తెచ్చుకుంటవా!"

బాపు భీము దించాడు. తప్పు చేసిన పిల్లాడిలా నవ్వాడు. నవ్వుతూనే చెమటలు పట్టాయి. రొమ్ము మీద చెయ్యి వేసుకుని సాంచకు ఆనుకుని కూర్చున్నాడు. నేను నీళ్లు తెచ్చేసరికి గూటి వైపు చూస్తున్నాడు. కనుబొమ్మ ఎగరేశాడు. నాకు అర్థమైంది, కాని గూట్లో ఏముంది? నేను పెద్దబాపు పెట్టె దగ్గరికి ఉరికి తాళం గుంజుతూ ఏడుస్తున్నాను. రిక్షా వచ్చేలోపే అయిపోయింది. ఆ నిమిషంలో గోలీ వేసినా ఫలితం ఉండేది కాదని నాకు తర్వాత తెలిసింది. పదమూడేళ్ల పిల్లకు ఆ తాళం ఒక్కటే తెలుసు.

ఊరంతా దేవుడు తీసుకుపోయిండు అన్నది. దేవుడికి ఇంకేం పని లేదా అని నేను పళ్లు కొరుక్కున్నాను. కాని ఆ కోపానికి అప్పటికింకా రుజువు లేదు. రుజువు వరంగల్‌లో దొరికింది, ఎమ్మెస్సీలో. కప్ప గుండెను బయటికి తీసి, సన్నటి గొట్టంతో ఉప్పునీరు పారిస్తూ ఉంచితే అది చాలాసేపు దానంతటదే కొట్టుకుంటుంది. దానికి దారం కట్టి, ఆ దారానికి ఒక సన్నటి ముల్లు తగిలిస్తే, మసి పూసిన కాగితం చుట్టిన డ్రమ్ము తిరుగుతుంటే దాని మీద ఒక్కో కొట్టుడూ ఒక్కో గీతగా పడుతుంది. సారు అడ్రినలిన్ చుక్క వేశాడు. గీతలు నిటారుగా లేచాయి. తర్వాత ఇంకో మందు వేసి, మళ్లీ అడ్రినలిన్ వేశాడు. ఈసారి గుండె పట్టించుకోలేదు, దాని పాటికి అది కొట్టుకుంది. ఆ రెండో మందు పేరు సారు చెప్పగానే నేను గుర్తుపట్టాను. అది మా బాపు గోలీ.

సారు బోర్డు మీద గుండె కండకణాన్ని గీశాడు. అడ్రినలిన్ కణం లోపలికి పోదన్నాడు. కణం పైపొర మీద దాని కోసమే ఉన్న గ్రాహకాలు ఉంటాయి, వాటి దగ్గరే నిలబడి కబురు చెబుతుంది. గ్రాహకం ఆ కబురును లోపలివాళ్లకు అందిస్తుంది, వాళ్లు ఒకరి చేతి నుంచి ఒకరికి అందిస్తారు, అందినచోటల్లా అది ఇంతకింతై పెరుగుతుంది. చివరికి కాల్షియం వచ్చే తలుపులు బార్లా తెరుచుకుంటాయి, కండరం గట్టిగా, తొందరగా బిగుస్తుంది. ఈ గోలీ ఆ గ్రాహకాల్లో ముందే పోయి కూర్చుంటుంది, అడ్రినలిన్‌కు చోటివ్వదు. నేను లేచి అడిగాను, ఆ మందు ఉన్నట్టుండి ఆపేస్తే ఏమవుతుందని. మంచి ప్రశ్న అని సారు మెచ్చుకున్నాడు. చెవుల్లో దూది పెట్టుకుని బతకడం లాంటిదమ్మా అన్నాడు. కణానికి ఏమీ వినపడదు, వినపడటం లేదని అది ఇంకొన్ని చెవులు మొలిపించుకుంటుంది, అంటే గ్రాహకాలను పెంచుకుంటుంది. నెలల తరబడి అలా పెంచుకున్నాక ఒక్కసారిగా దూది పీకేస్తే మామూలు పిలుపే పెడబొబ్బలా పడుతుంది. రక్తనాళాలు మూసుకుపోతున్న గుండె ఆ దెబ్బకు తట్టుకోలేదు. అందుకే కొద్దికొద్దిగా తగ్గించాలి తప్ప టక్కున ఆపకూడదు. కాలేయం చెడినప్పుడు మోతాదు తగ్గించాల్సి రావచ్చు, అదైనా డాక్టరు చూసుకుంటూ మెల్లగా చేయాల్సిందే.

నేను ప్రయోగశాల బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఏడ్వలేదు. ఏడు రోజులు. ఆ ఏడు రోజులు బాపు గుండె పెంచుకున్న చెవులన్నీ తెరుచుకుని ఉన్నాయి. ఆ చెవులకు భీము బరువు తగిలింది, ఆ పైన పెద్దబాపు అరుపు తగిలింది. రోజూ అరిచే అరుపే. నాకు అప్పుడు కలిగింది దుఃఖం కాదు, సంతోషం. సిగ్గు లేకుండా చెబుతున్నాను, సంతోషమే. నా కోపం నిజమని పుస్తకం చెప్పింది.

పెత్రమాసకు ఇంటికి వెళ్లాను. ఆ రోజు మా ఇళ్లల్లో పోయిన పెద్దల పేరు చెప్పి బియ్యం, కూరగాయలు దానమిస్తారు. చుట్టాలంతా ఉన్నారు. పెద్దబాపు స్నానం చేసి, పళ్లెంలో బియ్యం పట్టుకుని నిలబడి, తమ్ముడి పేరు చెప్పబోతున్నాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"ఆయన పేరు నీ నోట తియ్యకు. ఆయన్ను సంపింది నువ్వే."

అవ్వ నా నోరు మూయబోయింది. నేను ఆగలేదు. కప్ప గుండె దగ్గర మొదలుపెట్టి గ్రాహకాల దాకా, ఒక్కటి వదలకుండా అక్కడే పాఠం చెప్పాను. గోలీ మొదలుపెట్టినంక ఆపితె మనిషి పోతడు, నువ్వు ఆపినవు, ఆయన పోయిండు. నా జీవితంలో అంత స్పష్టంగా నేను మళ్లీ ఎప్పుడూ పాఠం చెప్పలేదు. పెద్దబాపు అరుస్తాడని ఎదురుచూశాను. అరిస్తే ఇంకా చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. ఆయన అరవలేదు. పళ్లెం కింద పెట్టి, చెప్పులు తొడుక్కుని వీధిలోకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన అరవడం ఎవరూ వినలేదని అవ్వ ఎప్పుడో చెప్పింది. మంచిదే అయిందన్నాను.

ఇదీ ఆ కాగితాల ముందు కూర్చుని నేను గుర్తుచేసుకున్నది. నా మాట ఒకటి ఇన్నేళ్లు ఒక మనిషి లోపల కూర్చుని, ఇప్పుడు ఆయన గుండెకు కావలసిన మందును రానివ్వడం లేదు. పోనీ, నాకేం అనుకున్నాను. రెండు రోజులు అలాగే అనుకున్నాను. మూడో రోజు పొద్దున లలితకు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను. ప్రేమతో కాదు. పాఠాన్ని సగమే విని పరీక్ష రాసే విద్యార్థిని చూస్తే నాకు పడదు, అంతే.

సిరిసిల్లలో మా వీధి నిశ్శబ్దంగా ఉంది. చాలా షెడ్లకు తాళాలు. ఒకప్పుడు బస్సు దిగగానే చెవులు గడియలు పడేవి, ఇప్పుడు ఎవరింట్లోనో టీవీ వినిపిస్తోంది. ఆ రోజుల్లో మందుల చీటీ ఒక్క ముక్క ఉండేది, ఇప్పుడు లలిత సంచి నిండా స్కానింగులు, రంగు రంగుల రిపోర్టులు. గోలీ వేళ అయిందని ఫోను మోగుతుంది. ఆ గోలీ ఎందుకో చెప్పే నోరు మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పసరాయన కూడా ఎక్కడికీ పోలేదు, వాట్సాప్‌లోకి మారాడు. లలిత అన్న కొడుకు అప్పటికే గుండెకు ఏదో ఆకు రసం వీడియో పంపి ఉన్నాడు. దాన్ని నా ముందే తీసేయించాను.

పెద్దబాపు మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. సాంచాల పక్కన బతికిన చెవులు, ఏమీ వినపడవు. అంటే ఆయనతో ఏం మాట్లాడాలన్నా నేనే అరవాలి.

"ఎవరు?"

"విమలను."

"మా తమ్ముడు నర్సయ్య బిడ్డవా?"

"ఇంకెవరి బిడ్డను? గోలీ ఎందుకు ఏసుకుంటలేవు?"

"ఆపితె పోతరంటివి గద."

"ఆపితె పోతరన్న. ఏసుకుంటె పోతరన్లే."

"మతిమరుపోన్ని బిడ్డా. ఒక్కనాడు మర్సిపోతె?"

"లలిత ఉన్నది, యాది చేస్తది. ఫోన్ గూడ మోగుతది. గది బహానా. నిజం చెప్పు."

ఆయన తన కుడిచేతిని దుప్పటి మీద పెట్టి చూసుకున్నాడు. ఆయాసంతో మాట మాటకూ ఆగుతున్నాడు.

"గది వాని గోలీ. వాని నోట్లకెల్లి గుంజి పెట్టెల పెట్టిన చెయ్యి ఇది. అదే గోలీ నేను ఏ మొకం పెట్టుకొని మింగాలె?"

నా లోపల ఏదో కదిలింది. కదిలినందుకు నా మీద నాకే చిరాకు వేసి ఇంకా గట్టిగా అరిచాను.

"గప్పుడు రావాల్సిన తెలివి గిప్పుడు వచ్చిందా? పసరాయన చెప్పంగనే ఆపితివి. గోలీ రాసిన డాక్టరును ఒక్క మాట అడగకపోతివి."

"అడిగిన."

"ఎవర్ని?"

"మంచిర్యాలకెల్లి వచ్చిన తెల్లారే సైకిలేసుకొని పోయిన. డాక్టరు ఊర్లె లేడు. కంపౌండరు ఉండె. రెండు మందులు కలువద్దు, పసరు తాగినన్ని దినాలు గోలీ బంద్ పెట్టుండ్రి, ఏం గాదు అన్నడు. ఇంటికొచ్చి నీ చేతులకెల్లి అగ్గిపెట్టె గుంజుకున్న."

లలిత తలుపు దగ్గర నిలబడిపోయింది. దానికీ ఈ సంగతి తెలియదని దాని ముఖం చూస్తే తెలిసింది.

"గీ ముచ్చట నాకెందుకు చెప్పలే? పెత్రమాస నాడు అందరి ముందట ఎందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా బిడ్డా? నువ్వు చెప్పినవు."

నాకు సిగ్గేసింది. జీవితమంతా పిల్లలకు ప్రశ్న అడగడం నేర్పి జీతం తీసుకున్నదాన్ని. కప్ప గుండెను అడిగాను, సారును అడిగాను, పుస్తకాలను అడిగాను. ఈయన్ను మాత్రం ఒక్కసారి అడగలేదు. చేతిలో ఉన్న కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కంపౌండరు మీద పెడదామంటే వాడు ఎప్పుడో పోయి ఉంటాడు. పోనీ ఇక్కడే పారేద్దామంటే, ఆ తాళం, గూటి వైపు చూసిన బాపు కళ్లు నాకు కనపడుతూనే ఉన్నాయి. పారేయలేకపోయాను.

"అడిగినవు, మంచిగనే చేసినవు," అన్నాను. "గోలీ దాచి తాళం ఏసింది మాత్రం నువ్వే. గది నేను మర్సిపోను."

"మర్వకు. నేను మర్సిపోతున్ననా?"

లలిత గోలీ, నీళ్లు తెచ్చింది. గోలీని ఆయన అరచేతిలో పెట్టాను. గోరంత కూడా లేని ఆ చిన్న బిళ్లను ఆయన వేలితో దొర్లించి చూశాడు.

"రోజూ ఏసుకోవాల్నా?"

"రోజూ. పసరాయన ఆపుమన్నా ఆపొద్దు. కంపౌండరు ఆపుమన్నా ఆపొద్దు. నేను ఆపుమన్నా ఆపొద్దు. రాసిన డాక్టరే జర జర తగ్గిచ్చుకుంట ఆపాలె."

"నువ్వెందుకు ఆపుమంటవు?"

"ఏమో. కోపంల అంటనేమో."

ఆయన నవ్వాడు. చప్పుడు లేని నవ్వు, భుజాలు మాత్రం కదిలాయి. గోలీ నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు. మింగాక నోరు తెరిచి, పిల్లలు చూపించినట్టు నాకు చూపించాడు.

"ఇగ తిట్టు బిడ్డా, ఎంత తిడుతవో. గుండె తట్టుకుంటది గద?"

"గంట పడుతది, గది పన్జెయ్యాలంటె."

"అయితె గంట కూసో."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.